సమస్య: "నీరు లేని కూర నీట మునిగె"

నిర్వాహకులు: నిన్న జుకినీ (గుమ్మడి జాతి కాయ) కూర వండుతుంటే తట్టిన పాదం. చుక్క నీళ్లు పోయలేదు, మూత తీస్తే ముక్కలు తేలుతున్నాయి. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి.

వంటింటి కవి:
జుకిని తరిగి యుప్పు జోరుగా చల్లితి
మూత పెట్టి నేను ముచ్చటాడ
చుక్క పోయలేదు చూచితి నొక చెర్వు
నీరు లేని కూర నీట మునిగె

గణపాఠి: "నొక చెర్వు" దగ్గర ఆగిపోయాను, బాగుంది. దోషం మొదటి పాదంలోని ఉప్పుదే. ఈ కాయ వంద గ్రాముల్లో దాదాపు 95 గ్రాములు నీరే, ఉప్పు తగిలితే బయటికొచ్చేస్తుంది. పైన మూత, ఇక ఆవిరి పోయేదెటు? అర అంగుళం మందాన చక్రాలు కోసి, కాగిన నూనెలో ఒకే వరసగా పరిచి, అడుగు ఎర్రబడేదాకా కదపకండి. ఉప్పు దించే ముందే.

తేటనీరు:
తురిమి పిండకుండ తొందరపాటుతో
పెనము వేడి కాక పెట్టినాడ
నుల్లి తరుగ లేదు యొక్కింత యైన కన్
నీరు లేని కూర నీట మునిగె

వంటింటి కవి: ఉల్లి లేదు కాబట్టి కన్నీరు లేదు! ఈ విరుపు నాకు తట్టనందుకు నిజంగా బాధగా ఉంది. కానీ "లేదు యొక్కింత" ఏమిటండీ? ఉత్తుకు, అంటే పదం చివరి ఉకారానికి, సంధి నిత్యం; యడాగమం, అంటే మధ్యలో "య" చేరడం, రాదు. "లేదొక్కింత" అంటే గణం, అదే ఛందస్సు లెక్క, పోతుంది. పోయిన నెల "చేదు" సమస్యలోనూ మీది ఇదే పొరపాటు.

తేటనీరు: ఒప్పుకుంటున్నాను. సవరణ: "నుల్లి తరుగనైతి నొక్కింత యైన కన్". "చేదు" మాట ఎత్తారు కనుక చెబుతున్నా. అప్పుడు మీ పూరణలో చేదు జుకినీని ఉప్పునీళ్లలో నానబెట్టి వండించారు. యతి (పాదంలో అక్షరాల పొంతన) చక్కగా కుదిరింది, మాట మాత్రం ప్రమాదం. ఆ చేదు కుకుర్బిటాసిన్లనే విష పదార్థాల వల్ల వస్తుంది, ఉడికించినా పోదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదైతే ఉమ్మేసి కాయంతా పారేయాలి. ఆ పద్యం ఇంకా అలాగే ఉంది.

గణపాఠి: నాకు "తురిమి పిండకుండ" నచ్చింది, అసలు కిటుకు అదే. మొన్న తురుముకు ఉప్పు కలిపి పావుగంట ఉంచి బట్టలో పిండాను. నీళ్లు మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. ఆ నీళ్లు సూప్‌లో పోశాను, వేరే ఉప్పు అక్కర్లేకపోయింది.

నిర్వాహకులు: సవరణతో తేటనీరు గారిదే నా ఎంపిక. వంటింటి కవి గారూ, ఆ చేదు పద్యం ఇవాళే మార్చండి, చూసి ఎవరైనా వండుకుంటే కష్టం.

వంటింటి కవి: మార్చేశాను. "నానబెట్టి" తీసి "పారవేసి" పెట్టాను, మూడో పాదంలో యతి పోయింది. తేటనీరు గారూ, ఒకసారి చూస్తారా?