ఇడితాల్ బొమ్మను ధ్వనిగా మార్చడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి): మ్యూజియంలో చూసిన సవర గిరిజనుల గోడచిత్రాలను (ఇడితాల్) ఇరవై మంది తెలుగు పిల్లల చేత శబ్దాలుగా మార్పించే కార్యశాల నిర్వహించాలని అనుకుంటున్నాను. మాలో ఎవరికీ సంగీతం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో సూచించగలరు.

జవాబు (రాయగడ): చిత్రాన్ని ఎడమ నుంచి కుడికి కాలంగాను, కింది నుంచి పైకి స్వరస్థాయిగాను చదవడం అన్నిటికంటే సులువైన పద్ధతి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో గీసిన ఆ బొమ్మల్లో చట్రం లోపల మనుషులు, ఏనుగులు, చెట్లు వరుసలుగా ఉంటాయి కనుక, ఒక్కొక్క వరుసను ఒక్కొక్క జట్టుకు అప్పగించి, ఖాళీ ఎర్రమట్టిని నిశ్శబ్దంగా పాటించమనండి. స్వరాలు కావాలంటే మోహన రాగంలోని ఐదూ చాలు. వాటిలో ఏ రెండు కలిసినా చెవికి పెద్దగా ఇబ్బంది ఉండదు. చప్పట్లు, కంచాలు, చాటలో బియ్యం చెరిగే చప్పుడు ఫోనులో రికార్డు చేసి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు.

జవాబు (బరంపురం): పద్ధతి బాగుంది, కానీ ఒక అభ్యంతరం ఉంది. ఇడితాల్ అలంకారం కాదు. పితరులకు, దేవతలకు ఇంటి గోడపై కట్టి ఇచ్చే నివాసం. అందువల్ల పూజారి పాటను అనుకరించే పని మాత్రం పెట్టుకోకండి. పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు కదా, మీరూ ముందుగా ఒక సవర పెద్దను పిలిచి, ఏ బొమ్మను ముట్టుకోవచ్చో అడగండి.

ప్రశ్నించినవారు: అలాగే చేస్తాను. చాటలు మా ఇంట్లోనే నాలుగున్నాయి.