'కాడి పడేయడం' తప్పా, కాడి కిందికి పోవడం తప్పా? గలతీ 5:1లో ఒక మాట

మొన్న మన గ్రూపులో 'కాడి పడేసిండు' అనే నుడికారం మీద చర్చ నడిచింది కదా. పని సగంలో వదిలేసి చేతులెత్తేసినవాణ్ణి అలా అంటామని అందరం ఒప్పుకున్నాం. అప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. మన నుడికారంలో కాడి పడేయడం తప్పు. గలతీయ అనే ప్రాంతంలోని తొలి క్రైస్తవ సంఘాలకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, అపొస్తలుడైన పౌలు మాత్రం కాడి కిందికి పోవడమే తప్పంటాడు. పాత తెలుగు బైబిల్లో ఆ మాట ఇలా ఉంది: 'మరల దాస్యమను కాడిక్రింద చిక్కుకొనకుడి.'

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా నాయినకు ఒక జత ఎద్దులుండేవి. ఈ వచనం చదివితే నాకు ముందు ఆ ఎద్దుల మెడలే గుర్తొస్తాయి. కాడి ఒరిసి ఒరిసి వెంట్రుకలు రాలిపోయి, తోలు మొద్దుబారి కాయ కాసి ఉండేది. ఇంకోటి కూడా చూశాను. అలవాటు పడ్డ ఎద్దును ఎవరూ కాడి కిందికి లాగాల్సిన పని లేదు. నాయిన కాడి పైకెత్తి పట్టుకుంటే చాలు, దానంతట అదే వచ్చి మెడ వంచేది.

అందుకే ఆ వాక్యంలో 'మరల' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. గలతీయ సంఘాల్లో చాలామంది యూదులు కారు. మోషే ధర్మశాస్త్రం కింద, అంటే యూదుల నియమాల కింద, వాళ్లు ఎన్నడూ లేరు. తర్వాత కొందరు బోధకులు వచ్చి, క్రీస్తును నమ్మితే చాలదు, సున్నతి కూడా పొందాలన్నారు. అది వాళ్లకు కొత్త కాడే. మరి 'మరల' అని ఎందుకన్నాడు? వాళ్లు వదిలి వచ్చిన పాత భయాల కాడి, ఈ కొత్త నియమాల కాడి రెండూ ఒక్కటే అంటున్నాడు పౌలు. పేరు మారింది, మెడ అదే. నాలుగో అధ్యాయంలో ఈ మాట ఇంకా గట్టిగానే అంటాడు.

ఇంకో మాట గురించి కూడా చెప్పాలి. మన సంఘాల్లో ఎవరన్నా సినిమాకు పోయినా, బొట్టు పెట్టుకున్నా 'కృపలో నుండి తొలగిపోయిండు' అంటారు. ఆ మాట గలతీ 5:4లోది. అక్కడ పౌలు ఎవరిని అంటున్నాడో చూడండి. ధర్మశాస్త్రం పాటించి నీతిమంతులం అవుదామనుకునేవాళ్లను! నియమం తప్పినవాళ్లను కాదు, నియమాన్నే నమ్ముకున్నవాళ్లను. మాటను పూర్తిగా తిరగేసి వాడుతున్నాం. ఇది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ మాట మా అమ్మమ్మను కూడా అన్నారు.

అమ్మమ్మ చెవులకు పెళ్లినాటి కమ్మలుండేవి. అవి తీస్తేగాని ప్రభు బల్ల (గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వమన్నారు మా సంఘ పెద్దలు. 'తియ్యకపోతే నేను దేవుని బిడ్డను కానంట బిడ్డా' అని ఆమె అమ్మతో అంటుంటే విన్నాను. ఒక ఆదివారం పొద్దున తీసి అమ్మ చేతిలో పెట్టింది. చెవి రంధ్రాలు పూడుకుపోకుండా చీపురు పుల్లలు విరిచి పెట్టుకుంది.

పెద్దలు చూపించింది యేసు శిష్యుడైన పేతురు మాట, అలంకారం పైపైది కాకూడదన్నది. మంచి మాటే. కానీ యెరూషలేములో సున్నతి మీద తగవు వచ్చినప్పుడు, మన పితరులూ మనమూ మోయలేని కాడిని శిష్యుల మెడ మీద ఎందుకు పెడుతున్నారని లేచి అడిగింది కూడా ఆ పేతురే (అపొస్తలుల కార్యములు 15:10). అక్కడ కూడా కాడే. ఈ రెండోది ఆ రోజు ఎవరూ చదవలేదు.

జవాబు (నల్గొండ): తమ్మీ, నేను క్రైస్తవుణ్ణి కాదు, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాడికి గ్రీకులో 'జుగోస్' అంటారు. సంస్కృతంలో 'యుగం' అన్నా కాడే. మన యుగళం, యోగం ఆ ధాతువులోవే. రెంటిని జత కలిపేది అని అర్థం. ఇక 'ధర్మశాస్త్రము' అనగానే మా బోటి వాళ్లకు మనువు, యాజ్ఞవల్క్యుడు గుర్తొస్తారు. అనువాదకులు ఆ పేరు తీసుకోవడంతో పౌలు వాదం మన చెవికి ఇంకో రకంగా కూడా తగులుతుంది.

జవాబు (వనపర్తి): అన్నా, మరి యేసు 'నా కాడి ఎత్తికొని నాయొద్ద నేర్చుకొనుడి' అన్నాడు కదా? కాడే వద్దంటే ఎట్ల? ఈ మాట పట్టుకుని పిల్లలు ఇష్టమొచ్చినట్టు తిరుగుతారని మా అమ్మకు ఒకటే టెన్షన్.

నా జవాబు: సార్, జత అన్న మాట చాలా బాగుంది. అక్కడే అక్క ప్రశ్నకు కూడా దారి దొరుకుతుంది. మత్తయి 11:30లో 'నా కాడి సుళువుగా' అన్నచోట గ్రీకు మాటకు మంచిది, దయగలది అనే అర్థం కూడా ఉంది. కొత్త కాడి చేయిస్తే మా నాయిన దాన్ని చివరినుంచి చివరిదాకా అరచేత్తో నిమిరేవాడు. గరుకు తగిలితే మళ్లీ వడ్లాయన దగ్గరికే. మెడకు పుండు పడితే మానేదాకా ఆ ఎద్దును కట్టేవాడు కాదు. సుళువు అంటే నాకు ఆ అరచెయ్యే. పిల్లల సంగతికి పౌలు అదే అధ్యాయం 13లో జవాబిచ్చాడు: స్వాతంత్ర్యాన్ని శరీర కోరికలకు సాకు చేసుకోవద్దు, ప్రేమతో ఒకరికొకరు దాసులై ఉండండి అని. కాడి ఉంది, కానీ భయంతో మెడ మీద పెట్టింది కాదు అక్కా.

జవాబు (వనపర్తి): అమ్మమ్మ మళ్లీ కమ్మలు పెట్టుకుందా అన్నా?

నా జవాబు: లేదక్కా. ఆ పెద్దలు మారాక అమ్మ కమ్మలు తెచ్చి చేతిలో పెట్టింది. 'మనుమరాలికియ్యి' అంది అమ్మమ్మ. చీపురు పుల్లలు మాత్రం పోయేదాకా ఆమె చెవులకే ఉన్నాయి.