మే నెలలో ఫ్రెండ్‌షిప్ శిఖరం: కరిగే మంచు మీద ఎక్కడం ఎంతవరకు క్షేమం?

ప్రశ్న

అందరికీ నమస్కారం. హైదరాబాదు నుంచి మేము నలుగురం మే మొదటి వారంలో మనాలి దగ్గరి ఫ్రెండ్‌షిప్ శిఖరం (5,289 మీటర్లు) ఎక్కడానికి ఒక సంస్థకు డబ్బు కట్టాం. రెండేళ్ళుగా భువనగిరి బండ మీద సాధన చేస్తున్నాం గానీ, మంచు మీద శిఖరం ఎక్కడం మాకు ఇదే మొదటిసారి. చలికాలం దాటిపోయింది కాబట్టి మంచుచరియల భయం ఉండదని, ఎండకు మంచు కుంగి కొండకు అతుక్కుపోతుందని మాలో ఒకరు గట్టిగా వాదిస్తున్నారు. మరొకరేమో అసలు ప్రమాదమంతా మంచు కరిగే రోజుల్లోనే అంటున్నారు. సంస్థవారు పంపిన కార్యక్రమ పత్రంలో శిఖరానికి బయలుదేరేది ‘తెల్లవారుజామున’ అని మాత్రమే ఉంది. వీరిద్దరిలో ఎవరి మాట నమ్మాలి? అక్కడ మంచును చూసి మాలాంటివారు ఏమైనా గ్రహించగలరా? తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు 1

మీ మిత్రులిద్దరి మాటల్లోనూ సగం సగం నిజం ఉంది. అయితే ఆ రెండు సగాలూ ఒకే రోజులో వేర్వేరు గంటలకు చెందినవి. పగటి ఎండకు పైపొర కరిగినప్పుడు ఆ నీరు మంచు రేణువుల సందుల్లోంచి లోపలికి ఇంకుతూ, రేణువుకూ రేణువుకూ మధ్య ఉన్న పట్టును వదిలిస్తుంది. కింద ఎక్కడో గట్టి మంచుపెచ్చో నున్నటి బండో అడ్డుపడితే నీరు అక్కడే నిలిచి, పైనున్న బరువంతా జారడానికి తడి నేలను సిద్ధం చేస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే ఇక చెప్పనక్కరలేదు. అదే మంచు రాత్రి మళ్ళీ గడ్డకట్టిందంటే ఉదయం క్రాంపాన్ల (బూట్లకు తొడిగే ఇనుప ముళ్ళ) మొనలు కరకరమంటూ దిగుతాయి, అడుగు కదలదు. ఆ కొద్ది గంటలే మీవి.

రాత్రి గడ్డకట్టిందా లేదా అన్నది తేల్చేది చలి ఒక్కటే కాదు, ఆకాశం కూడా. నిర్మలమైన ఆకాశం కింద మంచు తన వేడిని పైకి వదిలేస్తుంది కాబట్టి గాలి సున్నా డిగ్రీలకు కాస్త పైన ఉన్నా పైపొర బిగుసుకోగలదు. మబ్బు పట్టిన రాత్రి కొండకు దుప్పటి కప్పినట్టే. ఇంకో లెక్క కూడా చూడండి. కిలోమీటరు ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే, రెండు వేల మీటర్ల ఎత్తున్న మనాలిలో రాత్రి పది డిగ్రీలుంటే, 3,800 మీటర్ల దగ్గర సున్నాకు ఒకటి రెండు డిగ్రీలే దిగువ. అంటే మీరు పడుకునే చోట మంచు గట్టిపడటం ఆ రాత్రి మబ్బు మీదే ఆధారపడి ఉంటుంది.

నేను రెండోసారి వెళ్ళినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. రాత్రి ఒంటిగంటకు మా గైడు గుడారం బయటికొచ్చి, ట్రెక్కింగ్ కర్రను మంచులోకి ఊరికే అలా వదిలాడు. అది పిడి దాకా దిగిపోయింది. ‘ఈ రోజు వద్దు, పడుకోండి’ అని ఆయన లోపలికి వెళ్ళిపోతే, అంత దూరం వచ్చామన్న ఉక్రోషంతో మేము ఒక గంటసేపు వాదించాం. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో టీ తాగుతూ ఎదుటి వాలు చూస్తుండగా, ఎండకు కాగిన ఒక బండ మొదట్లోంచి నిమ్మకాయంత మంచు ఉండ దొర్లింది. దాని వెనక మరో నాలుగు దొర్లాయి. ఆ తర్వాత వాలు వాలంతా విసనకర్రలా విచ్చుకుంటూ, సిమెంటు పోసినట్టు నెమ్మదిగా, బరువుగా కిందికి దిగింది. ఉండలు దొర్లడం, మడమ దాకా దిగే కాలు పిక్క దాకా దిగడం, పిడికిట్లో నొక్కిన మంచులోంచి నీళ్ళు కారడం మీ కంటికే కనిపించే సంగతులు. వీటికి గైడు అక్కరలేదు.

భువనగిరి సాధన వృథా కాదు గానీ, ఆ బండ ఉదయం ఎలా ఉంటుందో మధ్యాహ్నమూ అలాగే ఉంటుంది, మహా అయితే చేతులు కాలతాయి. మంచు అలా ఉండదు.

జవాబు 2

పై జవాబుతో చాలామటుకు ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. రాత్రి గడ్డకడితే చాలు, దారి క్షేమం అన్న అర్థం అందులోంచి తీసుకుంటే ప్రమాదం. మే నెలలోనూ వెస్టర్న్ డిస్టర్బెన్సులు (పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు) వచ్చి హిమాచల్ ఎత్తుల్లో కొత్త మంచు కురిపిస్తాయి. పాత గట్టి పెచ్చు మీద ఒక జానెడు కొత్త మంచు పడి, దాన్ని గాలి ఒకవైపు వాలు మీదికి తోసి మేట వేస్తే, రాత్రి ఎంత చలి ఉన్నా ఆ మేటకూ పెచ్చుకూ పొత్తు కుదరదు. మంచు కురిసిన మర్నాడే ఆకాశం తేటపడిందని ఉత్సాహంగా బయలుదేరడం కంటే, కనీసం ఒకటి రెండు రోజులు ఆగడం మేలు. అలాగే ఉత్తరం వైపు వాలులకు ఎండ ఆలస్యంగా తగులుతుంది కాబట్టి చలికాలపు బలహీనమైన పొరలు అక్కడ వసంతం దాకా నిలిచి ఉంటాయి. మొదటిసారి నీరు ఇంకిన రోజున అవే పెద్ద పలకలుగా తెగుతాయి.

క్యాలెండరు చూసి ధైర్యపడే మిత్రుడికి మూడు తేదీలు చూపించండి. సిక్కింలో నాథూలా దారిలో మంచుచరియ కింద ఏడుగురు పర్యాటకులు చనిపోయింది 2023 ఏప్రిల్ 4న. ఉత్తరాఖండ్‌లోని మాణా దగ్గర రోడ్డు పనివారి శిబిరం మీద పడి ఎనిమిది మందిని బలిగొన్నది 2025 ఫిబ్రవరి 28న. ఉత్తరకాశీ పర్వతారోహణ శిక్షణ సంస్థ బృందం ద్రౌపదీ కా డాండా మీద చిక్కుకున్నది 2022 అక్టోబర్ 4న, అంటే వర్షాకాలం వెళ్ళిన తర్వాత. ఆ మృతులలో అనుభవజ్ఞులైన శిక్షకులు కూడా ఉన్నారు.

ఇంకొక మాట. గంటల లెక్క శిఖరం చేరడానికి కాదు, దిగి రావడానికి వేయాలి. మే నెలలో అక్కడ ఐదున్నరకే తెల్లవారుతుంది. తూర్పు ముఖాలు ముందు మెత్తబడతాయి, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి పడమర. ఎక్కేటప్పుడు గట్టిగా ఉన్న వాలునే మీరు అలసిపోయి, ఎండలో, మెత్తబడ్డాక దాటాలి. శిఖరపు గట్టు మీద గాలికి బయటికి పెరిగిన మంచు చూరులు కూడా ఆ వేళకే విరుగుతాయి. కాబట్టి మీ సంస్థవారిని అడగవలసింది ‘ఎన్నింటికి బయలుదేరతాం’ అని కాదు, ‘శిఖరం అందినా అందకపోయినా ఎన్నింటికి వెనక్కి తిరుగుతాం’ అని.

జవాబు 3

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు హిమాచల్‌లో గడిపినవాడిని. పైవారు చెప్పినవాటికి నేను చేర్చగలిగేది ప్రమాదం జరిగాక ఏమిటన్నదే. తడి మంచు కదులుతున్నంతసేపూ పాకంలా ఉండి, ఆగిన మరుక్షణం బిగుసుకుపోతుంది. పూడుకుపోయిన మనిషి వేలైనా కదపలేడు. మొదటి పదిహేను నిమిషాలు దాటాక బతికే అవకాశం వేగంగా పడిపోతుంది కాబట్టి, కింది నుంచి సహాయక దళం వస్తుందన్న లెక్క పనికిరాదు. తవ్వవలసింది పక్కనున్న మీరే. అందుకు ప్రతి ఒక్కరి ఒంటి మీద 457 కిలోహెర్ట్జ్ ట్రాన్సీవర్ (పూడుకుపోయినవారి జాడ తెలిపే రేడియో పరికరం), సంచిలో మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కడ్డీ, పార ఉండాలి. గైడు దగ్గర ఒక్కటుంటే చాలదు, ఎందుకంటే పూడుకుపోయేది గైడే కావచ్చు.

రక్షణ శాఖకు చెందిన పరిశోధన సంస్థ డీజీఆర్ఈ పశ్చిమ హిమాలయ జిల్లాలకు మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. వెళ్ళేముందు తప్పక చూడండి, అయితే అవి జిల్లా మొత్తానికి సంబంధించినవి, మీరు ఎక్కే ఒక్క వాలుకు కావు. తెలుగు పత్రికల్లో వెతికేటప్పుడు ఒక చిక్కుంది: ‘హిమపాతం’ అనే మాటను మంచు కురవడానికీ, మంచుచరియ విరిగిపడటానికీ కూడా వాడేస్తారు. శీర్షిక చూసి నిర్ధారణకు రాకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. వెనక్కి తిరిగే సమయం గురించి సంస్థవారిని ఫోనులో అడిగితే ‘అక్కడికి వెళ్ళాక చూద్దాం సార్’ అన్నారు. ట్రాన్సీవర్ల గురించి అడిగితే అదేమిటని ఎదురు ప్రశ్న వేశారు. కట్టిన డబ్బులో సగమే వెనక్కి ఇస్తామంటున్నారు. ఇప్పుడేం చేయమంటారు?

జవాబు 1 రాసినవారు మళ్ళీ

సగం తీసుకోండి. మనాలిలోని పర్వతారోహణ సంస్థలో 26 రోజుల బేసిక్ కోర్సు ఉంటుంది. ఐస్ యాక్స్‌తో (మంచుగొడ్డలితో) జారుడు ఆపుకోవడం, తాడు మీద నడవడం వాళ్ళే నేర్పుతారు. ఈ మే నెలలోనే వెళ్ళాలని మీ నలుగురికీ పట్టుదల ఉంటే మాత్రం, పై ప్రశ్నలకు అంకెల్లో జవాబు చెప్పే గైడును వెతుక్కుని, శిఖరం రోజు కోసం ఒకటికి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి. మా గైడు పడుకోమన్న మర్నాటి రాత్రి ఆకాశం తేటగా ఉంది, కర్ర వేలెడు కూడా దిగలేదు, కానీ మా సెలవు అయిపోయింది.