పిల్లల కోసం ఒక్కరే ఆడే నాటకం: చేసినవాళ్లు చెప్పండి

లంకపిట్ట:
నమస్కారమండీ. మాది నరసాపురం దగ్గర. చాలాకాలంగా పరిషత్తు నాటకాల్లో వేషాలు వేస్తున్నాను. ఇప్పుడు ప్రైమరీ స్కూలు పిల్లల కోసం ఒక్కడినే ఆడే నాటకం రాసుకున్నాను. కథ పులసది. అంతర్వేది దగ్గర సముద్రంలోంచి బయల్దేరి, వరద ఎర్రనీరు తగలగానే గోదావరి వశిష్ఠ పాయలోకి ఎక్కి, వలలు తప్పించుకుంటూ, రేవు దాటించే పంటు కిందనుంచి, సిద్ధాంతం వంతెన కిందనుంచి ధవళేశ్వరం దాకా ఎదురీదుతుంది. చేప, వలేసేవాడు, పంటు నడిపే సరంగు, ఓ ముసలి తాబేలు, అందరూ నేనే. చదువుతుంటే గంటంబావు వస్తోంది. అంతసేపు కూర్చుంటారా? ఒక్కడే ఇన్ని పాత్రలు చేస్తే పిల్లలకు తికమక అవుతుందా? చివర్లో పులస వలలో పడాలా వద్దా అన్నది కూడా ఇంకా తేలలేదు.

ఐదో తరగతి టీచర్:
గంటంబావు వద్దండీ బాబూ. ఒకటి నుంచి ఐదు దాకా అందర్నీ కలిపి కూర్చోబెడితే 40 నిమిషాలు దాటకండి. ఒకడు చిటికెన వేలు చూపించి "టీచర్, ఒకటికి" అని లేచాడంటే ఆ వరసంతా లేస్తుంది. అన్నం బెల్లు ముందు పీరియడ్ అస్సలు తీసుకోవద్దు. పప్పు తాలింపు వాసన వచ్చాక మీరు ఏ చేపను చూపించినా చూడరు. ప్రేయర్ అవగానే మొదలుపెట్టడం మేలు.

ఇంకోటి. ఆరేళ్లవాడు చేప మాట్లాడుతుందంటే నమ్మేస్తాడు. పదేళ్లవాడు నమ్మడు కానీ, వల విసరడం సరిగ్గా చేసి చూపిస్తే మిగతాదంతా ఒప్పుకుంటాడు. మా బడిలో సగం మంది ఇళ్లలో వలలున్నాయి. విసురు వల అంచు భుజం మీద ఎలా వేసుకుంటారో, నడుం ఎటు తిప్పి వదులుతారో వాళ్లకు తెలుసు. అక్కడ తేడా వస్తే మీ పని అయిపోయినట్టే. ముందు ఎవరైనా వేటకెళ్లే ఆయన దగ్గర నేర్చుకోండి.

చిడతలు:
తికమక గురించి నేను చెప్తాను. ఒక్కరే అన్ని పాత్రలూ కావడం మనకు కొత్తేం కాదు కదా. కపిలేశ్వరపురంలో హరికథ పాఠశాలే ఉంది. మంచి కథకులు చెప్తుంటే ముందు వరసలో కూర్చుని చూడండి. పాట పక్కనపెట్టి చూపు మీద దృష్టి పెట్టండి. కైక మాట్లాడేటప్పుడు ఒక పక్కకు, దశరథుడు జవాబు చెప్పేటప్పుడు రెండో పక్కకు చూపు పోతుంది. గొంతు మారింది కొంచెమే, మనిషి మాత్రం మారిపోయాడు. మీ సరంగు ఎప్పుడూ కిందికి నీళ్లలోకి చూడాలి, పులస ఎప్పుడూ పైకి చూడాలి. తాబేలుకి మెడ ఒక్కటి చాలు. ఈ మూడూ నాటకం అయ్యేదాకా తప్పకూడదు. ఒక్కసారి తప్పినా "ఇప్పుడు మాట్లాడేదెవరు" అని పక్కవాడిని అడుగుతారు.

పరిషత్తు వాళ్లకు ఒక అలవాటు ఉంటుంది, ఏమీ అనుకోకండి. మయసభ దుర్యోధనుడి ఏకపాత్రలాగా హాలు వెనక గోడను చూస్తూ డైలాగు కొడతారు. పోటీల్లో జడ్జిలకు అది నచ్చుతుందేమో, రెండో తరగతి పిల్లకు మాత్రం ఆ గోడ మీద ఏముందో అని వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

బంగారక్క అభిమాని:
చిడతలు గారికి తోడు నాదొక మాట. కాకినాడ పక్కన మాధవపట్నం తోలుబొమ్మలాట చూశారా? రామాయణం సాగుతుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి అల్లరి చేస్తారు. కునుకు తీసేవాళ్లు లేచి కూర్చునేది అప్పుడే. మీ కథలో వశిష్ఠ మీద ఎదురీత పొడుగ్గా ఉంది. అక్కడ ఒక పీతను పెట్టండి. పులస ఎటు వెళ్తే దానికి అడ్డంగా నడిచి తగువు పెట్టుకోవాలి. హరికథలో పిట్టకథ పడే చోటు కూడా అదే.

కాలువగట్టు:
పీత బావుంది కానీ పిల్లల్ని ఎక్కువగా కదిలించకండి. "ఏం పిల్లలూ, పులస ఎటు వెళ్లింది?" అని అడిగితే రెండొందల గొంతులు లేస్తాయి. తర్వాత వాళ్లను ఆపడం ఎవరి తరమూ కాదు.

బంగారక్క అభిమాని:
ప్రశ్న అడగకండి, పని ఇవ్వండి. నేను వరద సీనుకి కుడిపక్కవాళ్లతో అరచేతులు రుద్దిస్తాను, ఎడమపక్కవాళ్లతో తొడల మీద వేళ్లు కొట్టిస్తాను. వాన మొదలై వరద అవుతుంది. నాటకం మొదలవ్వకముందే ఆపడం కూడా నేర్పించాలి: నా చెయ్యి పైకి లేస్తే వాన వెలిసినట్టు. రెండుసార్లు ఆట ఆడిస్తే చాలు, తర్వాత నేను చెయ్యి ఎత్తకపోతే వాళ్లే గుర్తుచేస్తారు.

కాలువగట్టు:
అలాగైతే సరే. నేను మాట్లాడింది మైకు పట్టుకుని "గట్టిగా చెప్పండీ" అని అరిచేవాళ్ల గురించి. ఒక ప్రైవేటు స్కూల్లో నాతో అలాగే చేయించారు. ఒప్పుకున్నది 100 మందికి, వెళ్లేసరికి గ్రౌండు నిండా పిల్లలు. వెనకాల కూర్చున్న పాపం పిల్లలకు నా తల తప్ప ఇంకేం కనపడలేదు. సంఖ్య ముందే మాట్లాడుకోండి. ఎక్కువమంది ఉంటే రెండు ఆటలు వేయండి. నేల మీద అర్ధచంద్రంగా కూర్చోబెట్టండి, మీ పాదాలు కూడా అందరికీ కనపడాలి. ఈ నాటకంలో ఈత అంతా పాదాల్లోనే ఉంది కదా.

లంకపిట్ట:
మీరు చెప్పింది చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్సండీ. పీతను పెట్టేశాను, తాబేలు సీనుల్లో ఒకటి తీసేశాను. సామాను విషయం చెప్పండి. నది కోసం నీలం గుడ్డ ఆరు మీటర్లు కొందామనుకుంటున్నాను.

చిడతలు:
నీలం ఎందుకండీ? వరదలో మన గోదావరి నీలంగా ఎప్పుడు ఉంది? ఇటుక రంగు పాత చీర ఒకటి సంపాదించండి. నరసాపురంలో గుడ్డ నీలంగా, సిద్ధాంతం దగ్గర ఎర్రగా చూపిస్తే అది వేరే ఊరి నది అయిపోతుంది. కుచ్చిళ్లు పెట్టి నేల మీద పరిస్తే ఏరు, రెండు చేతులా బిగించి పట్టుకుంటే ధవళేశ్వరం బ్యారేజీ. 175 గేట్లు ఒక్కడు కట్టలేడు కదా, బిగించిన చీరకు తల కొట్టుకుంటే చాలు. ఓ తువ్వాలు, ఓ తాటాకు గొడుగు, ఇంకేం వద్దు. సామాను బైకు మీద పట్టాలి. లంకల్లో బడులకు పంటు ఎక్కాల్సి వస్తుంది.

ఐదో తరగతి టీచర్:
చివరి సీను సంగతి ఎవరూ చెప్పలేదు. నన్నడిగితే దాచకండి. మన పిల్లలకు పులస అంటే పులుసని పుట్టకముందే తెలుసు. వల పడే సీను రాగానే ఒకడైనా "మా అమ్మ బెండకాయలు వేసి వండుద్ది" అని అరుస్తాడు, రాసిపెట్టుకోండి. దానికి సిద్ధంగా ఉండాలి. చేపను బతికించి "అందరం ప్రేమగా ఉందాం" అని ముగిస్తే వాళ్లు నవ్వుతారు. అలాగని కుండలో ఉడికిస్తే ఒకటో తరగతి వాళ్లు ఏడుస్తారు. మధ్యలో మార్గం ఉంది. పులస అంత దూరం ఈదేది గుడ్లు పెట్టడానికి. గుడ్లు పెట్టాక ఏమైనా కానివ్వండి. పిల్ల చేపలు సముద్రం వైపు తిరిగి వెళ్తుంటాయి, మీరు వెనక్కి తిరిగి ఆ చీర మీద చిన్న చిన్న అడుగులు వేయండి.

కాలువగట్టు:
నాకు ఇది నచ్చింది. కానీ వలేసేవాడిని విలన్ చేయకండి. ముందు కూర్చున్న పిల్లల్లో వాడి కొడుకు ఉంటాడు. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అనే సామెత ఉన్న ఊళ్లో, ఆ చేప దొరికిన రోజు వాళ్లింట్లో ఎలా ఉంటుందో కూడా ఒక్క నిమిషం చూపించండి.

లంకపిట్ట:
ఆ సీను రాస్తానండి. భాష మాత్రం మనదే పెట్టాను, "ఆయ్" తో సహా. సినిమాల్లో లాగా వెటకారానికి కాదు, సరంగు నిజంగా మాట్లాడినట్టే. ఇక తేదీలు. మొదట బాలల దినోత్సవానికి, అంటే నవంబరు 14కి అనుకున్నాను.

బంగారక్క అభిమాని:
ఆ రోజు బడిలో డాన్సులు, ఫ్యాన్సీ డ్రెస్సులతో ఊపిరాడదు. మీకు పది నిమిషాలు ఇచ్చి "తొందరగా కానివ్వండి" అంటారు. మార్చి 20 ప్రపంచ బాలల, యువ రంగస్థల దినం. 1965లో పారిస్‌లో పుట్టిన అసితెజ్ అనే సంస్థ జరుపుతుంది. ఆ పేరు చెప్తే హెచ్ఎం గారు కూడా కాదనరు. మామూలుగా అప్పటికి ఒంటిపూట బడులు ఉంటాయి కాబట్టి పొద్దున్నే ఆడాలి, ఉక్క తక్కువ.

ఐదో తరగతి టీచర్:
అది సరే కానీ పులస వచ్చేది జూలై, ఆగస్టుల్లో. మొదటి ఆట అప్పుడే వేయండి. ఆ వారం పిల్లల నోట అదే మాట ఉంటుంది. లంక ఊళ్లలో వరద వస్తే బడి మూస్తారు, అందుకని గట్టు ఇవతలి బడితో మొదలుపెట్టండి. రేకుల షెడ్డు ఉన్నచోట వద్దు, వాన పడితే మీ గొంతు మీకే వినపడదు. శ్లాబు వరండా అయితే గోడ మీ వెనకాల ఉండేట్టు నిలబడండి, వెలుగు మీ ముఖం మీద పడాలి. మా బడికి వస్తానంటే హెచ్ఎం గారితో నేను మాట్లాడతాను. బల్లలు ముందు రోజు సాయంత్రమే తీయించేస్తాను, ఫ్యాన్లు మాత్రం ఆపనివ్వరు.