విశాఖా, మైసూరా? అక్కడ ఉంటున్నవారు చెప్పండి

నమస్కారం. వచ్చే మార్చిలో నా ఉద్యోగ విరమణ. 30 ఏళ్లుగా హైదరాబాద్‌లోనే ఉన్నాం. మా ఆవిడకు ఉబ్బసం. మా వీధిలో కాలిబాట మొత్తం బండ్లదే. పాల ప్యాకెట్ కోసం కూడా స్కూటర్ తీయవలసి వస్తోంది. ఇక చాలు అనుకున్నాం.

ఆవిడ విశాఖ అంటుంది. సముద్రం, కొండలు, తెలుగు మాట. నిజమే. కానీ 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను పెకలించిన చెట్ల చోట మళ్లీ నీడ వచ్చిందా? ఓడరేవు దగ్గరి పాత పేటల్లో బొగ్గు ధూళి గురించి ఏళ్లుగా వింటున్నాం. ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు ఉండేవారు కిటికీ గట్టు మీద రోజూ ఎంత దుమ్ము తుడుస్తారో చెబితే చాలు, నాకు వేరే కొలత అక్కర్లేదు.

నా మనసు మైసూరు మీద ఉంది. 2016 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మొదటి స్థానం దానిదే. 2017లో అక్కడ అద్దె సైకిళ్ల పథకం కూడా మొదలైంది. కుక్కరహళ్లి చెరువు గట్టు మీద ఒక ఉదయం నడిచాను, అప్పటి నుంచి ఈ పిచ్చి. ఒక్క ఉదయం చూసి ఇల్లు మారతారా అని మా అబ్బాయి ఎగతాళి చేస్తున్నాడు.

కారు లేకుండా ఆసుపత్రికి, కూరగాయల బజారుకు వెళ్లి రాగలమా? వేసవిలో కుళాయి నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తాయి? తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇస్తే బండిలోనూ వేరుగానే వేస్తారా, లేక కలిపేస్తారా? ముందు ఆరు నెలలు అద్దెకు ఉండి చూడాలంటే ఏ పేట మంచిది?