అప్లికేషనే సర్వర్లు లేపుకుని దించుకోవాలంటే దానికి ఎన్ని పర్మిషన్లు ఇవ్వాలి?

ప్రశ్న
అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్) ముంబై రీజియన్‌లో వీడియోలు కన్వర్ట్ చేసే అప్లికేషన్. పనులు ఎస్‌క్యూఎస్ అనే మెసేజ్‌ల క్యూలో పడతాయి, ఒక్కో వీడియోకు 20 నిమిషాల దాకా పడుతుంది. కంట్రోలర్ అనే మా ప్రోగ్రామ్ నిమిషానికోసారి క్యూ చూసి, బోటో3 (ఏడబ్ల్యూఎస్ పైథాన్ లైబ్రరీ)తో నేరుగా ఈసీ2 వర్కర్లను (పని చేసే క్లౌడ్ సర్వర్లను) లేపుతుంది, క్యూ సున్నా అయితే తీసేస్తుంది. రెండు చిక్కులున్నాయండి. కావలసినదానికి రెండు మూడింతల మిషన్లు లేస్తున్నాయి. దించేటప్పుడేమో సగం పనిలో ఉన్న వర్కర్ పోతోంది. ప్రస్తుతం కంట్రోలర్ వాడే రోల్‌కు (పర్మిషన్ల మూటకు) ఈసీ2 మొత్తం స్టార్ పర్మిషన్, అంటే ఏదైనా చేసే అనుమతి, ఉంది, ఎక్కడిదాకా తగ్గించొచ్చు?

జవాబు 1
ఎక్కువ లేవడానికి కారణం దాదాపు ఖాయంగా లెక్కలోనే ఉంటుంది. మిషన్ బూట్ అయ్యి మొదటి మెసేజ్ అందుకునేలోపు మీ కంట్రోలర్ రెండు మూడుసార్లు తిరుగుతుంది. క్యూ తగ్గలేదు కాబట్టి మళ్లీ లేపుతుంది. రన్నింగ్‌లో ఉన్నవాటితో పాటు పెండింగ్‌లో (ఇంకా బూట్ అవుతూ) ఉన్నవీ లెక్కలోంచి మినహాయించాకే కొత్తవి ఎన్నో తేల్చండి.

రెండో అనుమానం రీట్రై. బోటో తనంతట తాను రీట్రై చేస్తే పాత క్లయింట్ టోకెనే (ఇది అదే రిక్వెస్ట్ అని గుర్తించే కోడ్) పంపుతుంది, ఇబ్బంది లేదు. టైమవుట్ వచ్చిందని మీ కోడ్ మళ్లీ పిలిస్తే మాత్రం కొత్త టోకెన్ పుడుతుంది, కొత్త మిషన్లూ పుడతాయి. టోకెన్ మీరే తయారుచేసి, పిలిచే ముందే డేటాబేస్‌లో రాసుకోండి.

జవాబు 2
పై జవాబు సరైనదే, కానీ రన్ ఇన్‌స్టాన్సెస్ (మిషన్లు లేపే) పర్మిషన్ అప్లికేషన్ చేతిలో ఉండడమే నాకు నచ్చని విషయం. దాంతో పాటు పాస్ రోల్ (మిషన్‌కు రోల్ తగిలించే పర్మిషన్) కూడా స్టార్ మీద ఉంటే, ఆ కోడ్‌లోకి చొరబడినవాడు అడ్మిన్ రోల్ తగిలించిన మిషన్‌నే లేపుకోగలడు. అప్లికేషన్ "ఎన్ని కావాలి" అని మాత్రమే చెప్పాలి. మిషన్ ఎలా తయారవ్వాలో లాంచ్ టెంప్లేట్ (ముందే రాసిపెట్టిన సెట్టింగుల నమూనా) చూసుకుంటుంది.

ఆటో స్కేలింగ్ గ్రూప్ (అడిగినన్ని మిషన్లు ఉండేలా ఏడబ్ల్యూఎస్సే చూసుకునే గుంపు) పెట్టి, మ్యాక్స్ సైజ్ 20 అని మీరే బిగించండి. కంట్రోలర్‌కు ఆ ఒక్క గ్రూప్ మీద సెట్ డిజైర్డ్ కెపాసిటీ (ఎన్ని మిషన్లు కావాలో చెప్పే) పర్మిషన్ చాలు. మ్యాక్స్ సైజ్ మార్చగల అప్‌డేట్ గ్రూప్ పర్మిషన్ ఇవ్వొద్దు. కోడ్‌లో తప్పుండి 500 అడిగినా ఎర్రర్ వస్తుంది తప్ప మిషన్లు లేవవు. బడ్జెట్ అలర్ట్‌ను నమ్ముకోవద్దు, ఆ లెక్కలు గంటల ఆలస్యంగా వస్తాయి. డిజైర్డ్ అనేది మొత్తం సంఖ్య కాబట్టి ఒకే అంకె రెండుసార్లు పంపినా ఏమీ కాదు, మీ మొదటి చిక్కూ పోతుంది.

దించడం కంట్రోలర్ పని కాదు, వర్కర్ పని. గ్రూప్‌లో కొత్త మిషన్లకు స్కేల్-ఇన్ ప్రొటెక్షన్ (సంఖ్య తగ్గించేటప్పుడు గ్రూప్ వాటిని దించకుండా కాపాడేది) ఆన్ చేయండి. క్యూలో వరుసగా మూడుసార్లు ఏమీ దొరక్కపోతే వర్కర్ తనను తానే టెర్మినేట్ చేసుకోవాలి, డిజైర్డ్‌ను ఒకటి తగ్గించమనే ఫ్లాగ్‌తో. మిషన్‌లో ఊరికే షట్‌డౌన్ కొడితే గ్రూప్ దాన్ని చెడిపోయిందనుకుని ఇంకోటి లేపుతుంది, అది గుర్తుంచుకోండి.

జవాబు 3
సగం పనిలో పోవడానికి ఇంకో కారణం: మీరు చూస్తున్న సున్నా అసలు సున్నా కాదు. వర్కర్ తీసుకున్న మెసేజ్‌లు విజిబుల్ లెక్కలో ఉండవు. నాట్ విజిబుల్ సంఖ్య కూడా కలుపుకోండి. తీసుకున్న మెసేజ్ మిగతా వర్కర్లకు కనబడకుండా ఉండే సమయం, అంటే విజిబిలిటీ టైమవుట్, డిఫాల్ట్ 30 సెకన్లే. మార్చకపోతే 20 నిమిషాల వీడియోను ఇద్దరు ముగ్గురు వర్కర్లు మొదటినుంచి చేస్తుంటారు. 5 నిమిషాలు పెట్టి, పని నడుస్తున్నంతసేపూ 2 నిమిషాలకోసారి పొడిగించండి. మొత్తం మీద పరిమితి 12 గంటలు.

అడిగినవారు
గ్రూప్‌కు మార్చానండి, ఇప్పుడు లెక్క కుదిరింది. వర్కర్ డాకర్ కంటైనర్‌లో ఉంది, అందులోంచి మెటాడేటా (మిషన్ తన వివరాలు తెలుసుకునే సర్వీస్) అడిగితే టైమవుట్ అవుతోంది. తన ఇన్‌స్టాన్స్ ఐడీ తెలియక టెర్మినేట్ కాలేకపోతోంది.

జవాబు 2 రాసినవారు
హాప్ లిమిట్ (మెటాడేటా జవాబు ఎన్ని నెట్‌వర్క్ అంచెలు దాటొచ్చో చెప్పే సెట్టింగ్) 1 ఉండి ఉంటుంది. డాకర్ బ్రిడ్జ్ (కంటైనర్ నెట్‌వర్క్) దాటేసరికి మెటాడేటా చదవడానికి కావలసిన టోకెన్ జవాబు ఆగిపోతుంది. లాంచ్ టెంప్లేట్ మెటాడేటా ఆప్షన్స్‌లో 2 చేయండి. కొత్త వెర్షన్‌ను గ్రూప్ వాడేలా చూసుకోండి, ఇప్పటికే నడుస్తున్న మిషన్లకు ఈ మార్పు తగలదు.