చీరాల తీరం వెంట నడుస్తూ మోటుపల్లి చేరుకోవచ్చునా?

ప్రశ్న (తార్నాక నుంచి):
సంక్రాంతి వెళ్ళాక మిత్రులం నలుగురం చీరాలలో రైలు దిగి, దగ్గరి ఓడరేవు అనే ఊరి నుంచి ఇసుక తీరం వెంట నైరుతి దిక్కుగా నడుస్తూ, కాకతీయుల కాలపు రేవుపట్టణమైన మోటుపల్లికి చేరాలని అనుకుంటున్నాము. రోజూ పార్కులో నడిచేవారమే గాని, సముద్రపు ఒడ్డున రోజంతా నడిచిన అనుభవం మాకు లేదు. దారి ఆటంకం లేకుండా సాగుతుందా? అంత దూరం వెళ్ళాక రేవు ఆనవాళ్ళేమైనా కనబడతాయా?

జవాబు (మల్కాజిగిరి నుంచి):
రేవు కోసమే వెళితే నిరాశ తప్పదండి. ఊరు ఇప్పుడు సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న మామూలు పల్లె. చూడవలసినది వీరభద్రస్వామి ఆలయం దగ్గరి శాసన స్తంభం. గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయ శాసనం అదే. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారని, ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రానికి తెగించే వర్తకుల మీద దయతో తాను న్యాయమైన సుంకం తప్ప తక్కినదంతా వదులుతున్నానని ఆయన అందులో ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. ఆపైన చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు అంటూ సరుకువారీగా రేట్లు ఉన్నాయి. ఆ లిపి మనకు చదవరాదు కాబట్టి, అచ్చులో ఉన్న శాసన పాఠాన్ని ముందే చదివి వెళ్ళండి. లేకపోతే అది ఉత్త రాయిగానే కనిపిస్తుంది.

జవాబు (మెహిదీపట్నం నుంచి):
హైదరాబాదువారికి పాత రేవు అనగానే గోల్కొండ నవాబుల మచిలీపట్నమే గుర్తుకు వస్తుంది, కానీ ఓరుగల్లుకు సముద్రద్వారం మోటుపల్లి. మార్కో పోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి రాణి పాలనను, సాలెగూడంత సన్నని బట్టను మెచ్చుకుని, వజ్రాల సంగతీ రాశాడు. తరువాత గోల్కొండ పేరుతో లోకప్రసిద్ధమైన వజ్రాలు అంతకుముందే ముత్ఫిలి పేరుతో ఆయన రాతల్లోకి ఎక్కాయన్నమాట! రెడ్డిరాజు అనపోతారెడ్డి 1358లో వర్తకులకు మళ్ళీ ఇక్కడే అభయమిస్తూ శాసనం వేయించాడు.

జవాబు (చీరాల సొంత ఊరు, ప్రస్తుతం ఉప్పల్):
పై ఇద్దరూ దారి సంగతి వదిలేశారు. జనవరిలో ఈశాన్యపు గాలి మీ వీపున ఉంటుంది, తుపానుల భయమూ చాలావరకు తీరిపోతుంది. తెల్లవారకముందే బయలుదేరి, పోటు తగ్గిన వేళ తడి ఇసుక మీద నడవండి. పొడి ఇసుకలో కాళ్ళు దిగబడి, కొద్ది దూరానికే పిక్కలు పట్టేస్తాయి. అసలు చిక్కు మొగలతో, అంటే డ్రెయిన్లు (మురుగు కాలువలు) సముద్రంలో కలిసే చోట్లతో, వస్తుంది. అక్కడ లోతు ఏటికేడాది మారుతుంది కాబట్టి, నీళ్ళు మోకాలి లోతే కనిపించినా సరే, దగ్గరలో అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) లాగుతున్న పట్టపువాళ్ళను, అంటే జాలరులను, అడగనిదే దిగకండి. వారు వద్దంటే లోపలి రోడ్డెక్కి ఆటోలో అవతలికి చేరండి. రామాపురం దాటాక దుకాణాలు పలచబడతాయి, నీళ్ళు మోసుకుపోవాలి.

నన్నడిగితే నడకను తిరగేయమంటాను. చినగంజాం స్టేషన్‌లో దిగి, ఉప్పు కొటార్ల మీదుగా పొద్దున్నే మోటుపల్లి చేరితే, ఏటవాలు ఎండలో శాసనం అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి, పూజారి కూడా గుడి దగ్గరే ఉంటారు.

ప్రశ్న వేసినవారు:
తిరగేస్తే గాలి ఎదురవుతుంది కదండీ?

జవాబు (ఉప్పల్ నుంచి):
అవుతుంది. అందుకే శాసనం చూశాక ఓడరేవు దాకా పట్టుదలకు పోకుండా, ఓపిక ఉన్నంత మేర నడిచి, వేటపాలెం వైపు మళ్ళండి. అక్కడ 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. వేళకు చేరితే అదీ చూడవచ్చు.